ఎనభై ఏళ్ళకు నిలదొక్కుకోవడం నేర్చుకున్న అమ్మమ్మలు

ఇంట్లో పెద్దవాళ్ళు కాలుజారి పడితే మనం అనే మాటలు అందరిళ్ళల్లోనూ దాదాపు ఒకటే. మొదట "దెబ్బ తగిలిందా?" అంటాం. తర్వాత "చూసుకుని నడవొద్దూ?" అంటాం. ఆ తర్వాత "ఇంక మీరేం పనులు పెట్టుకోకండి, ఓ చోట కూర్చోండి" అంటాం. ఎందుకు పడ్డారన్నది మాత్రం అడగం. వయసైపోయింది, పడ్డారు, అంతే.

ఆ ప్రశ్న చాలాకాలం డాక్టర్లు కూడా గట్టిగా అడగలేదు. అడగడం మొదలుపెట్టాక సరైన జవాబు దొరకడానికి దశాబ్దాలు పట్టింది. ఆ కథ చదువుతుంటే నాకు బాగా నచ్చిన సంగతి ఒకటుంది. అందులో అసలు కథానాయికలు ఎనభై దాటిన ఆడవాళ్ళు. అందుకే మీతో చెప్పుకోవాలనిపించింది.

డిగ్రీలో తెలుగు చదువుకున్నదాన్ని కదా, ముందు మాట దగ్గర కాస్త ఆగుతాను. బాలెన్స్ అనేదాన్ని పుస్తకాల్లో సమతుల్యత అని రాస్తారు. అది తక్కెడకి సరిపోయే మాట. మనిషికి సరిపోయే మాట మనకి ఎప్పటినుంచో ఉంది, నిలదొక్కుకోవడం. నిలబడటం, కాలితో నేలను తొక్కిపట్టడం రెండూ అందులో ఉన్నాయి. అంటే బాలెన్స్ ఒంట్లో ఊరికే ఉండే గుణం కాదు, మనం ప్రతి క్షణం చేస్తూ ఉండే పని. పని అన్నాక మానేస్తే చేతకాకుండా పోతుంది, చేస్తూ ఉంటే మళ్ళీ వస్తుంది. ఈ మాటలో ఉన్న సంగతినే వైద్యశాస్త్రం మెల్లమెల్లగా లెక్కలతో రుజువు చేసింది.

మనం నిటారుగా నిలబడాలంటే మెదడుకి మూడు చోట్ల నుంచి కబురు అందాలి. చుట్టూ ఏముందో కళ్ళు చెబుతాయి. తల ఎటు వంగిందో లోపలి చెవి చెబుతుంది. నేల ఎలా ఉందో అరికాళ్ళు, కీళ్ళు చెబుతాయి. మెదడు ఈ మూడింటినీ కలిపి చూసుకుని కాళ్ళకి, నడుముకి ఎప్పటికప్పుడు ఆజ్ఞ ఇస్తుంది. 19వ శతాబ్దంలో బెర్లిన్‌లో రోంబెర్గ్ అనే వైద్యుడు, కొందరు రోగులు పాదాలు దగ్గరగా పెట్టి నిలబడి కళ్ళు మూసుకోగానే తూలిపోవడం గమనించారు. ఆయన పేరుతో ఆ పరీక్షని నరాల డాక్టర్లు ఇప్పటికీ చేస్తున్నారు. ముఖానికి సబ్బు రాసుకుంటూ కళ్ళు మూసుకున్నప్పుడు పెద్దవాళ్ళు చటుక్కున గోడ పట్టుకుంటారు చూడండి, అదీ ఇలాంటిదే. మూడు కబుర్లలో ఒకటి ఆగిపోయింది, మిగతా రెండూ చాలలేదు.

ఇక కథలోకి వద్దాం. 1935లో లండన్‌కి పశ్చిమాన ఐల్‌వర్త్ అనే చోట ఉన్న వెస్ట్ మిడిల్‌సెక్స్ ఆసుపత్రికి, పక్కనే ఉన్న పేదల వైద్యశాలను కూడా అప్పగించారు. అందులో 714 మంది దీర్ఘరోగులు ఉన్నారు. ఎక్కువమంది ముసలివాళ్ళు. చాలామంది ఏళ్ళ తరబడి మంచం దిగలేదు. వాళ్ళ బాధ్యత మార్జరీ వారెన్ అనే డాక్టరమ్మ మీద పడింది. ఆవిడ ఒక్కొక్కరినీ విడిగా పరీక్ష చేశారు. ఎవరికి నిజంగా మంచం అవసరం, ఎవరు అలవాటుగా పడుకుండిపోయారు అని విడదీశారు. లేవగలిగినవాళ్ళని లేపి కూర్చోబెట్టి, నిలబెట్టి, నడిపించారు. ఇక ఇంతే అని వదిలేసిన వాళ్ళలో చాలామంది ఇళ్ళకు వెళ్ళారు. ముసలితనానికి ప్రత్యేకంగా ఒక వైద్యశాఖ ఉండాలని 1940లలో ఆవిడ వ్యాసాలు రాశారు. వృద్ధుల వైద్యానికి ఆవిడని తల్లి అంటారు.

1947లో రిచర్డ్ ఆషర్ అనే లండన్ డాక్టరు, మంచం పట్టి ఉండటం వల్ల వచ్చే ప్రమాదాల గురించి బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఒక వ్యాసం రాశారు. కండరం కరగడం, ఎముక గుల్లబారడం, రక్తం గడ్డకట్టడం, పుండ్లు పడటం, చివరికి మనసు చచ్చుబడిపోవడం దాకా వరసగా చెప్పుకొచ్చారు. రోగికి విశ్రాంతే మందు అని నమ్మే రోజుల్లో అది గట్టి మాట.

ఆ 1940లలోనే లండన్‌లోని కింగ్స్ కాలేజ్ ఆసుపత్రిలో ఇంకో పని జరిగింది. తలకి దెబ్బలు తగిలి, లోపలి చెవి దెబ్బతిని, కళ్ళు తిరుగుతూ నిలబడలేకపోతున్న వాళ్ళు అక్కడికి వచ్చేవారు. చెవి శస్త్రవైద్యుడు కాథోర్న్, శరీర శిక్షణ చూసే వైద్యుడు కుక్సీ కలిసి వాళ్ళ కోసం ఒక వరస తయారుచేశారు. ముందు పడుకునే కళ్ళు అటూ ఇటూ తిప్పడం, తర్వాత తల తిప్పడం, కూర్చుని వంగి కింద ఉన్న వస్తువు తీయడం, లేచి నిలబడటం, బంతి ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి విసరడం, గదిలో నడవడం, మెట్లెక్కి దిగడం. కళ్ళు తిరుగుతున్నాయని కదలకుండా ఉంటే తగ్గదు, కొంచెం కొంచెంగా కదిలితేనే మెదడు సర్దుకుంటుందని వాళ్ళు చూపించారు. కళ్ళు తిరిగే జబ్బు ఉన్నవాళ్ళకి ఈ వరసని ఇప్పటికీ నేర్పుతున్నారు. పోయిన బాలెన్స్‌ని సాధనతో తిరిగి తెచ్చుకోవచ్చని దీంతో తేలింది. కానీ దాన్ని ముసలివాళ్ళు పడటంతో ముడిపెట్టి చూడటానికి ఇంకా చాలాకాలం పట్టింది.

అసలు ముసలివాళ్ళు ఎలా పడతారో ఓపిగ్గా కూర్చుని విన్నవాడు ఇంగ్లండ్‌లోని వుల్వర్‌హాంప్టన్ ఊరి డాక్టరు జె.హెచ్. షెల్డన్. ఆయన ఆసుపత్రికి వచ్చినవాళ్ళని మాత్రమే కాక, ఇళ్ళల్లో ఉన్న పెద్దవాళ్ళ బతుకు ఎలా ఉందో సర్వే చేసి 1948లో పుస్తకం వేశారు. 1960లో 202 మంది పెద్దవాళ్ళు చెప్పిన 500 పడిపోవడాలను ఒక్కచోట పెట్టి వ్యాసం రాశారు. దాదాపు మూడో వంతు మెట్లు, జారుడు, చీకటి లాంటి వాటి వల్ల జరిగినవి. నాలుగో వంతు ఉన్నట్టుండి కాళ్ళు పట్టు వదిలేసి, తెలివి ఉండగానే కుప్పకూలినవి. తట్టుకుని పడ్డవి, తల తిప్పినప్పుడు కళ్ళు తిరిగి పడ్డవి వేరే. అప్పటిదాకా "పడింది" అనే ఒక్క మాట కింద కలిసిపోయినవాటిని ఆయన విడివిడిగా పేర్చారు. మనం బియ్యంలో రాళ్ళు ఏరినట్టు. కారణాలు వేరైతే ఉపాయాలూ వేరుగా ఉంటాయి కదా. కదలకుండా నిలబడ్డామనుకున్నప్పుడు కూడా మనిషి కొద్దిగా ఊగుతూనే ఉంటాడు. ఆ ఊగడం చిన్నపిల్లల్లో ఎక్కువగా ఉండి, పెద్దయ్యాక తగ్గి, ముసలితనంలో మళ్ళీ పెరుగుతుందని కూడా ఆయన 1963లో కొలిచి చెప్పారు.

తర్వాతి అడుగు అమెరికాలో పడింది. యేల్ విశ్వవిద్యాలయానికి చెందిన మేరీ టినెట్టి అనే డాక్టరు, తమ ఇళ్ళల్లోనే ఉంటున్న 75 ఏళ్ళు దాటిన 336 మందిని ఏడాదిపాటు గమనించి 1988లో ఫలితం ప్రకటించారు. ఆ ఏడాదిలో 32 శాతం మంది కనీసం ఒకసారి పడ్డారు. అంటే ముగ్గురిలో ఒకరు. ఆవిడ ఇంకో సంగతి కూడా లెక్క తేల్చారు. నిద్రమాత్రలు వేసుకోవడం, కాళ్ళలో బలం లేకపోవడం, నడకలో, బాలెన్స్‌లో తేడా, పాదాల సమస్య లాంటి కారణాల్లో ఒక్కటీ లేనివాళ్ళలో పడ్డది 8 శాతం మందే. నాలుగు, అంతకన్నా ఎక్కువ ఉన్నవాళ్ళలో పడ్డది 78 శాతం. వయసు ఒక్కటే కారణమైతే ఇంత తేడా ఎందుకుంటుంది? వయసుని మనం తగ్గించలేం. ఈ కారణాల్లో చాలావాటిని తగ్గించగలం.

1990లో ఆవిడ, పడతానేమో అన్న భయాన్ని కొలవడానికి కూడా ఒక ప్రశ్నల పట్టిక తయారుచేశారు. స్నానం చేయడం, అలమరలోంచి వస్తువు అందుకోవడం, వంట చేయడం, మంచం ఎక్కి దిగడం, తలుపు తీయడానికి వెళ్ళడం లాంటి పనులు పడకుండా చేయగలనని ఎంత ధైర్యంగా ఉన్నారు అని అడుగుతుంది ఆ పట్టిక. అన్నీ ఇంటి పనులే! ఒకసారి పడ్డ మనిషికి భయం పట్టుకుంటుంది. భయంతో పనులు తగ్గించుకుంటుంది. పనులు తగ్గితే కాళ్ళు బలం తగ్గుతాయి. బలం తగ్గితే మళ్ళీ పడుతుంది. దీనికి తోడు మనం ప్రేమతో "కూర్చోండి" అని ఆ భయానికి ఇంకాస్త బలం ఇస్తాం.

అదే 1990లో బోస్టన్‌లో మరియా ఫియాతరోన్ అనే డాక్టరు బృందం ఒక సాహసం చేసింది. వృద్ధుల ఆశ్రమంలో సగటున తొంభై ఏళ్ళున్న పదిమంది చేత కాళ్ళతో బరువులు ఎత్తించారు. ఎనిమిది వారాలు. తొడ కండరాల బలం సగటున 174 శాతం పెరిగింది. ఒక పాదం ముందు ఇంకో పాదం ఆనించి గీత మీద నడిచినట్టు నడిచే వేగం దాదాపు సగం పెరిగింది. తొంభై ఏళ్ళ కండరం కూడా పని చెబితే వింటుందని లోకానికి తెలిసింది.

1996లో అట్లాంటాలో ఎమరీ విశ్వవిద్యాలయం వాళ్ళు 70 దాటిన 200 మందితో ఇంకో ప్రయత్నం చేశారు. ఒక గుంపుకి చైనావాళ్ళ తాయ్ చీ నేర్పారు. నెమ్మదిగా ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదకి బరువు మార్చుకుంటూ చేసే సాధన అది. ఇంకో గుంపుకి కంప్యూటరు పీట మీద నిలబెట్టి బాలెన్స్ శిక్షణ ఇచ్చారు. 15 వారాల తాయ్ చీ తర్వాత, పదేపదే పడే ప్రమాదం 47.5 శాతం తగ్గింది. పీట మీద శిక్షణ పొందినవాళ్ళకి ఊగడం తగ్గింది కానీ పడటం తగ్గలేదు. పీట మీద నిలబడటం వేరు, కదిలే బతుకులో నిలదొక్కుకోవడం వేరు.

ఇవన్నీ అయ్యాక వస్తుంది నాకు ఇష్టమైన ఘట్టం. న్యూజీలాండ్ దక్షిణ దీవిలో డునెడిన్ అని ఒక కొండల ఊరు ఉంది. ప్రపంచంలోకెల్లా ఏటవాలైన వీధిగా పేరుపడ్డది ఆ ఊళ్ళోనే ఉంది. అక్కడి ఒటాగో వైద్యకళాశాలలో జాన్ క్యాంప్‌బెల్, క్లేర్ రాబర్ట్‌సన్, వాళ్ళ సహచరులు ఒక ప్రశ్న వేసుకున్నారు. ఎనభై దాటిన ఆడవాళ్ళు ఆసుపత్రికో, వ్యాయామశాలకో రాలేరు. మరి వ్యాయామాన్నే వాళ్ళ ఇంటికి తీసుకెళ్తే?

80 ఏళ్ళు, ఆపైన ఉన్న 233 మంది ఆడవాళ్ళని తీసుకున్నారు. వాళ్ళని పిలిచింది ఎవరో కొత్తవాళ్ళు కాదు, ఎప్పుడూ చూసే వాళ్ళ డాక్టర్లే. 116 మందికి మొదటి రెండు నెలల్లో ఫిజియోథెరపిస్టు నాలుగుసార్లు ఇంటికి వెళ్ళి, ఎవరి శక్తిని బట్టి వాళ్ళకి వ్యాయామాలు నేర్పింది. మిగతా 117 మంది దగ్గరకీ నర్సు అన్నిసార్లే వెళ్ళింది, కానీ ఊరికే కబుర్లు చెప్పి వచ్చింది. మనిషి వచ్చి పలకరించిన సంతోషం వల్లే తేడా వచ్చిందేమో అన్న అనుమానం ఉండకూడదని అలా చేశారు. ఎంత ముందుచూపో చూడండి.

వ్యాయామాలు చెబితే ఇంతేనా అంటారు. మడమకి చిన్న బరువుపట్టీ కట్టుకుని కూర్చుని కాలు ముందుకు చాపడం, నిలబడి కాలు వెనక్కి మడవడం, పక్కకి ఎత్తడం. మునివేళ్ళ మీద లేవడం, మడమల మీద నిలబడటం. కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేవడం. పక్కకి నడవడం, వెనక్కి నడవడం, నడిచి తిరగడం. పాదం ముందు పాదం పెట్టి నిలబడటం. ఒంటికాలి మీద నిలబడటం. మొదట్లో బల్లో, గట్టో పట్టుకుని, కుదురుకున్నాక వదిలి. అరగంట, వారానికి మూడుసార్లు. వీటితోపాటు కాస్త నడక.

ఏడాది తర్వాత లెక్క చూస్తే, కబుర్ల గుంపులో 152 సార్లు పడ్డారు. వ్యాయామం గుంపులో 88 సార్లు. 1997లో ఈ ఫలితం అచ్చయింది. తర్వాత వెస్ట్ ఆక్లండ్‌లో 75 దాటిన 240 మందితో ఇదే చేశారు. ఈసారి నేర్పింది ఫిజియోథెరపిస్టు కాదు, ఆవిడ దగ్గర శిక్షణ తీసుకున్న ఒక నర్సమ్మ. పడటం 46 శాతం తగ్గింది. ఈ పద్ధతితో చేసిన నాలుగు ప్రయత్నాలు, మొత్తం 1,016 మంది లెక్క కలిపి 2002లో చూస్తే, పడటం 35 శాతం తగ్గింది. పడి దెబ్బలు తగలడం కూడా అంతే తగ్గింది. అన్నిటికన్నా ఎక్కువ లాభం పొందింది ఎనభై దాటినవాళ్ళు. ఇంక ఈ వయసులో ఏం నేర్చుకుంటారు అని మనం వదిలేసే వాళ్ళే!

"మా అమ్మ రోజూ వాకింగ్ చేస్తుంది, చాలదా?" అనే సందేహం మీకు వచ్చే ఉంటుంది. నడక గుండెకి, షుగరుకి, మనసుకి మంచిదే. కానీ బాలెన్స్‌కి అదొక్కటే చాలదు. డునెడిన్ ఫలితం వచ్చిన 1997లోనే ఇంగ్లండ్‌లో ఇంకో ఫలితం వచ్చింది. అంతకుముందు పడి చెయ్యి విరిగిన 165 మంది ఆడవాళ్ళలో సగం మందిని చురుగ్గా నడవమంటే, వాళ్ళే ఎక్కువగా పడ్డారు. నిలదొక్కుకోవడం నేర్పకుండా వేగంగా నడవమంటే అలాగే అవుతుంది. ముందు కాళ్ళకి బలం, నిలబడటంలో పట్టు, ఆ తర్వాతే వేగం.

ఇంటి పని చేసేవాళ్ళం కాబట్టి మనకి నచ్చే మలుపు ఆస్ట్రేలియాలో వచ్చింది. సిడ్నీలో లిండీ క్లెమ్సన్ బృందం, వ్యాయామానికి వేరే సమయం పెట్టకుండా దాన్ని ఇంటి పనుల్లోనే కలిపేసింది. వంటగదిలో గట్టు దగ్గర నిలబడి పని చేసుకుంటూ ఒంటికాలి మీద బరువు వేయడం, వరండాలో గీత మీద నడిచినట్టు నడవడం, కింది అరలో వస్తువు తీసేటప్పుడు నడుము వంచకుండా మోకాళ్ళు వంచడం, పై అరలోది అందుకునేటప్పుడు మునివేళ్ళ మీద లేవడం. అంతకుముందు ఏడాదిలో పడిన అనుభవం ఉన్న, 70 దాటిన 317 మందితో చేసి చూస్తే ఈ పద్ధతి పట్టినవాళ్ళు పడటం 31 శాతం తగ్గింది. 2012లో ఇది అచ్చయింది.

2019లో ప్రపంచవ్యాప్తంగా జరిగిన 108 పరిశోధనలను, 23 వేలకు పైగా మనుషుల వివరాలను కలిపి చూసినప్పుడు, వ్యాయామం వల్ల పడటం సగటున 23 శాతం తగ్గుతుందని తేలింది. 65 దాటినవాళ్ళు వారానికి కనీసం మూడు రోజులు బాలెన్స్, బలం పెంచే వ్యాయామాలు చేయాలని 2020లో ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది.

మన ఇళ్ళ సంగతి చూస్తే, పాతకాలపు ఆడవాళ్ళకి ఇదంతా పేరు లేకుండానే జరిగిపోయేది. చిన్నప్పుడు తొక్కుడుబిళ్ళలో ఒంటికాలి గెంతులు, పెద్దయ్యాక చంకన బిందెతో గట్టు మీద నడక, నేల మీద కూర్చుని కత్తిపీటతో కూరలు తరగడం, రోజుకి పది పదిహేనుసార్లు నేల మీద నుంచి లేవడం. ఆ చాకిరీ మళ్ళీ రావాలని నేను అనను. వాళ్ళ మోకాళ్ళు అరిగింది కూడా ఆ చాకిరీలోనే. కానీ మిక్సీ, గ్యాస్ గట్టు, సోఫా, డైనింగ్ టేబుల్ వచ్చి చాకిరీని తీసుకెళ్ళినప్పుడు, దాంతోపాటు ఆ కదలికలూ వెళ్ళిపోయాయి. వాటి బదులు ఏదీ మనం పెట్టలేదు.

మా అత్తగారికి డెబ్భై ఆరు. వ్యాయామం అంటే "ఈ వయసులో నాకెందుకమ్మా" అన్నారు. సీరియల్ మధ్యలో ప్రకటనలు వచ్చినప్పుడల్లా కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేచి కూర్చోమంటే మాత్రం నవ్వి ఒప్పుకున్నారు. మొదట్లో మూడుసార్లకే ఆయాసపడేవారు. ఇప్పుడు ఎనిమిది. సింకు అంచు పట్టుకుని ఒంటికాలి మీద నిలబడి అంకెలు లెక్కపెడతారు. పదికి ముందే కాలు దించితే మా అమ్మాయి ఒప్పుకోదు.

మీ ఇంట్లో మొదలుపెట్టేముందు కొన్ని జాగ్రత్తలు. ఈమధ్యే పడినవాళ్ళు, లేవగానే కళ్ళు తిరిగేవాళ్ళు, బీపీ మందులు, నిద్రమాత్రలు వాడేవాళ్ళు, ఆపరేషన్ అయినవాళ్ళు ముందు డాక్టరుని అడగాలి. వీలైతే ఫిజియోథెరపిస్టు చేత ఒకసారి నేర్పించుకోవాలి. కదలని గట్టు గానీ, బరువైన బల్ల గానీ చేతికి అందేలా ఉండాలి, పక్కన మనిషి ఉండాలి. పొయ్యి దగ్గర, తడి నేల మీద వద్దు. చీర కుచ్చెళ్ళు పైకి దోపుకోవాలి. అరిగిపోయిన హవాయి చెప్పులు వద్దు. కళ్ళద్దాలు పరీక్ష చేయించి ఎన్నాళ్ళైందో చూసుకోండి. బాత్రూంలో పట్టుకోవడానికి ఒక కమ్మీ, రాత్రిపూట మంచం నుంచి బాత్రూం దాకా ఒక చిన్న లైటు, ఇవి వ్యాయామంతోపాటు ఉండాల్సినవే. రెండు వారాలు చేసి మానేస్తే ఉపయోగం లేదు. పళ్ళు తోముకున్నట్టు ఎప్పటికీ చేస్తూ ఉండాలి.

తుంటి ఎముక విరిగితే ఎంత నరకమో చూసినవాళ్ళకి నేను చెప్పక్కర్లేదు. డబ్బు, ఆపరేషన్, నొప్పి ఒక ఎత్తు. రాత్రి బాత్రూంకి వెళ్ళాలంటే కోడలినో కూతురినో లేపాల్సి రావడం, అందుకని దాహమేసినా నీళ్ళు తాగకుండా ఉండటం ఇంకో ఎత్తు. తన పని తాను చేసుకుని బతికిన ఆడమనిషికి అదే అన్నిటికన్నా పెద్ద బాధ. డునెడిన్ అమ్మమ్మలు కాళ్ళకి పట్టీలు కట్టుకుని కాపాడుకున్నది ఆ స్వతంత్రాన్నే.

కాబట్టి ఈసారి అత్తగారో, అమ్మో పప్పు డబ్బా తీయడానికి లేస్తుంటే "మీరు కూర్చోండి, నేను తీస్తా" అనకండి. పక్కన నిలబడండి. ఆవిడే తీసుకుంటారు. మనలో నలభై దాటినవాళ్ళం కూడా ఆ గట్టే పట్టుకుని ఒంటికాలి మీద పది లెక్కపెట్టడం ఇవాళే మొదలుపెడదాం. ఎనభైలోనూ నేర్చుకోవచ్చని తెలిసింది కదా అని ఎనభై దాకా ఆగడం ఎందుకు?